రక్త మూలకణములు – పోషక వహనము

ఎముకల మూలుగలో వసించు రక్త మూలకణములు తమ్ము దాము పునరుత్పాదించుకొనుచు, ఎఱ్ఱకణములు, తెల్లకణములు, రక్తఫలకములు అను సమస్త రక్తసంతతికిని జన్మస్థానములగుచున్నవి. వయోజనుని దేహమున రోజునకు సుమారు 20,000 కోట్ల ఎఱ్ఱకణములు పుట్టుచుండగా, ఆ మహోత్పత్తికి ఆదియైన యీ మూలకణములలో అధికభాగము విభజనమునకు లోనుగాక విశ్రాంతి నుండును. రక్తమున పోషకములు సమృద్ధిగా నున్నంతనే వీని యోగక్షేమములు సిద్ధింపవు. అవి కణపొరను దాటి లోనికి చేరవలెను. ఆ ప్రవేశమును నడుపునవి పొరయందలి వాహక ప్రోటీనులు.

ఈ పోషకములకును రక్తజననమునకును గల బంధమును లోకమునకు స్పష్టపరచినవారిలో యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యుడు. 1895లో భీమవరమున జన్మించిన యాతడు తన సోదరు లిద్దరిని స్ప్రూ అను ప్రేవుల వ్యాధి వలన కోల్పోయెను. ఆ వ్యాధిలో చిన్నప్రేవు లోపొర చెడి, తిన్న తిండియందలి ఫోలిక్ ఆమ్లము రక్తమును చేరజాలదు. అది కొఱవడినప్పుడు మూలుగలో మూలకణములనుండి పుట్టి రక్తకణములను కను జనక కణములు డి.ఎన్.ఏ. నిర్మాణమునకు వలయు థైమిడీనును చాలినంతగా సమకూర్చుకొనలేక, కేంద్రకము విభజన మొందక మునుపే దేహము పెంచుకొని, బృహత్కణ పాండురోగమునకు కారణమగును. న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనాలయమున సుబ్బారావు నడపిన బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సృజించెను. తోబుట్టువులను హరించిన వ్యాధికి మందు ఆతని పర్యవేక్షణముననే రూపొందుట వైద్యచరిత్రలో మిక్కిలి హృద్యమైన ఘట్టము.

అంతకన్నను ఆశ్చర్యకరమైనది తరువాతి కథ. ఫోలిక్ ఆమ్లమును పోలిన అమినోప్టెరిన్ అను పదార్థము అదే వాహకముల మార్గమున కణములలో జొచ్చి, పోషకము చేయవలసిన పనిని స్తంభింపజేయును. లెడర్లీ పంపిన యీ ద్రవ్యముతో బోస్టనులోని సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేసి, 1948లో ప్రకటించిన వ్యాసమున 16 మందిలో పదుగురికి తాత్కాలికోపశమనము కలిగెనని తెలిపెను. అదే యేట సుబ్బారావు కన్నుమూసెను.

ఇటీవలి పరిశోధనలు జనక కణములను దాటి సాక్షాత్తు మూలకణములనే పరిశీలించినవి. వేలీన్ అను అమైనో ఆమ్లము లేని ఆహారమిడిన ఎలుకలలో మూలకణములు క్షీణించుట 2016లో వెల్లడియయ్యెను. మఱుసటి యేట వెలువడిన పరిశోధనము, మూలకణములు సి విటమినును తమ సంతతికన్న అధికముగా నిలువ చేసికొనునని చూపెను. ఆ విటమిను తఱిగినప్పుడు ఎలుకలలో మూలకణముల సంఖ్య పెరుగుటయేగాక రక్తక్యాన్సరు త్వరపడుటయు కనబడెను. కావున పోషకము మూలకణమునకు ఆహారము మాత్రమే కాదు, దాని సంఖ్యను నియమించు శాసనము కూడ.

మరల ఫోలిక్ ఆమ్లము మాటకు వచ్చినచో, శ్రీకాకుళము జిల్లా ఎచ్చెర్ల మొదలుగా దేశమందలి పల్లెలలో గర్భిణులకు ఆశా కార్యకర్తలు అందించు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలదు. దానిని కనీసము 180 దినములు వాడవలెను. తోటకూర, పెసలు మొదలగువానిలో ఫోలిక్ ఆమ్లమను విటమిను సహజముగ నున్నను, ఉడికించిన నీటిని పాఱబోసినచో చాలభాగము నీటితోనే పోవును. అట్టి పాండురోగమే బి12 విటమిను లోపమున కలిగిన రోగికి ఫోలిక్ ఆమ్లము నొక్కదానినే యిచ్చినచో రక్తము కుదుటపడినట్లు తోచుచుండగనే నాడీమండలము చెడుచుండును. కావున వైద్యులు ముందుగా ఏది లోపించినదో నిర్ణయింతురు.