పరుగు దారిలో చలివేంద్రాలు

హాఫ్ మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్న మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, దారిలో నీళ్ళు ఎంత తాగాలి?" ఇంత చిన్న ప్రశ్నకు వైద్యులు, పోటీల నిర్వాహకులు గడిచిన నూరేళ్ళలో మూడు వేర్వేరు సమాధానాలు చెప్పారు. వాటిలో మొదటి రెండూ కొందరి ప్రాణాల మీదికి తెచ్చాయి. రెండవదానిని నేను స్వయంగా నమ్మాను, పదిమందికి బోధించాను కూడా.

అరవయ్యవ ఏట నా మొదటి హాఫ్ మారథాన్ పరిగెత్తాను. ఆగస్టు నెల, మబ్బు పట్టిన ఉదయం, గాలిలో విపరీతమైన తేమ. 21.1 కిలోమీటర్లు పూర్తి చేయడానికి నాకు మూడు గంటల పైన పట్టింది. దారిలో ఎదురైన ప్రతి చలివేంద్రం దగ్గరా ఆగి, దాహం లేకపోయినా రెండేసి గ్లాసులు తాగాను. దాహం వేసే వరకు ఆగితే ఆలస్యమైపోయినట్లేనని పుస్తకాలలో చదివినవాడిని కదా! పరుగు ముగిశాక తలనొప్పి, వికారం మొదలయ్యాయి. వేలి ఉంగరం బిగుసుకుపోయి కదలలేదు. ఇంటికి వచ్చి వాంతి చేసుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి బరువు చూసుకుంటే, ఉదయం కంటే కిలోకు పైగా పెరిగి ఉన్నాను. మూడు గంటలు చెమటోడ్చిన మనిషి బరువు పెరగడమేమిటి? సాయంత్రానికి మూత్రం ధారాళంగా పోయి తల తేలికపడింది. ఆ రాత్రి కూర్చుని పాత వైద్య పత్రికలు తిరగవేయడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే.

కథ 1904లో మొదలవుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఆగస్టు 30న మధ్యాహ్నం మూడు గంటలకు, ముప్పై డిగ్రీలు దాటిన ఎండలో, మట్టి రోడ్ల మీద నడిపారు. ముందు వెళ్ళే మోటారు కార్లు లేపిన దుమ్ము వెనుక వచ్చేవారి గొంతుల్లో నిండింది. నిర్వాహకుడు జేమ్స్ సలివాన్‌కు, నీరు తగ్గితే శరీరం ఏమవుతుందో చూడాలన్న ఆసక్తి ఉండేది. అందుకని దారిలో నీటి వసతిని నామమాత్రంగానే ఉంచారు. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మంది. విజేత థామస్ హిక్స్ నీళ్ళు అడిగితే, వెంట ఉన్న సహాయకులు ఇవ్వకుండా నోరు మాత్రం తడిపారు. బలం కోసమని స్ట్రిక్నిన్ అనే విషాన్ని గుడ్డు తెల్లసొనతో కలిపి, ఆ తరువాత బ్రాందీతోనూ పట్టించారు. గీత దాటేసరికి ఆయన తనంత తాను నిలబడగల స్థితిలో లేడు. ఈనాడు ఇది చదివితే మనకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆనాటి వారి దృష్టిలో మాత్రం నీరు తాగడం బలహీనుల లక్షణం, కడుపు బరువెక్కించే అలవాటు.

ఈ నమ్మకం ఒక్క పోటీతో పోలేదు. 1950లలో కూడా అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య నిబంధనల ప్రకారం మారథాన్‌లో మొదటి 15 కిలోమీటర్ల వరకు పానీయం అందించకూడదు. ఆ లెక్కన నేటి హాఫ్ మారథాన్‌లో మీకు నీరు దొరికేది 15వ కిలోమీటరు దగ్గర ఒకసారి, 20వ కిలోమీటరు దగ్గర మరొకసారి.

1960లలో గాలి మారింది. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మూత్రపిండాల వైద్యుడు రాబర్ట్ కేడ్, అక్కడి ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం నీరు, ఉప్పు, చక్కెర కలిపి ఒక పానీయం తయారుచేశారు. అదే గాటరేడ్. 1969లో దక్షిణాఫ్రికా పరిశోధకులు విండమ్, స్ట్రిడమ్ మారథాన్‌లో తక్కువ నీరు తాగడం వలన కలిగే ప్రమాదాన్ని గురించి వ్యాసం ప్రచురించారు. అవసరమైన హెచ్చరికే. అయితే లోలకం మధ్యలో ఆగలేదు. 1996 నాటికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన సలహా ఏమిటంటే, చెమటగా పోయిన నీటినంతటినీ భర్తీ చేసేలా, లేదా కడుపు ఓర్చుకోగలిగినంత గరిష్ఠంగా తాగాలని. పానీయాల కంపెనీల ప్రకటనలకు ఇంతకంటే ఏం కావాలి?

ఇదే కాలంలో పరుగు మార్గంలో మరో మార్పు వచ్చింది, దానిని వైద్యులు తగినంతగా గమనించలేదు. 1970ల తరువాత నావంటి సామాన్యులు, నెమ్మదిగా పరిగెత్తేవారు, వేల సంఖ్యలో పోటీలలో చేరారు. రెండుంబావు గంటల్లో మారథాన్ ముగించే వీరుడికి నీళ్ళు ఎక్కువగా తాగే వ్యవధి ఉండదు. నాలుగైదు గంటలు పరిగెత్తి, నడిచి, ప్రతి బల్ల దగ్గరా ఆగేవారికి చెమట తక్కువ, తాగే అవకాశం ఎక్కువ. వీరులకని రాసిన సలహా సామాన్యులకు ముప్పుగా మారింది.

తొలి హెచ్చరిక దక్షిణాఫ్రికా నుండి వచ్చింది. గాంధీజీని రైలు నుండి దింపివేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ మనకు తెలిసిన ఊరే. ఆ ఊరికీ డర్బన్‌కూ మధ్య సుమారు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ మారథాన్ ఏటా జరుగుతుంది. 1981లో ఆ పోటీలో పాల్గొన్న ఒక మహిళ స్పృహ కోల్పోయారు. ఆమెకు నీరు తక్కువ కాలేదు, ఎక్కువైంది. అటువంటి నలుగురి వివరాలతో డాక్టర్ టిమ్ నోక్స్ బృందం 1985లో వ్యాసం రాసింది. దానిని పట్టించుకున్నవారు తక్కువ.

లోపల జరిగేది ఇది. మన రక్తంలో సోడియం లీటరుకు 135 నుండి 145 మిల్లీమోల్స్ ఉంటుంది. దీర్ఘ శ్రమలో మెదడు నుండి ఒక హార్మోను విడుదలై, నీటిని వదలవద్దని మూత్రపిండాలను ఆదేశిస్తుంది. అప్పుడు కూడా తాగుతూ పోతే నీరు లోపలే నిలిచిపోతుంది. పులుసులో నీళ్ళెక్కువైతే ఉప్పు చాలనట్లే రక్తంలో సోడియం పలుచబడి, నీరు కణాలలోకి చేరి అవి ఉబ్బుతాయి. ఉబ్బిన మెదడుకు పుర్రెలో చోటెక్కడిది? తలనొప్పి, వాంతి, తికమక, ఆపైన ఫిట్స్, కోమా.

2002 బోస్టన్ మారథాన్‌లో 28 ఏళ్ళ యువతి ఇలాగే మరణించారు. అదే పోటీలో పరిశోధకులు 488 మంది రక్త నమూనాలు సేకరించారు. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం వారిలో 13 శాతం మందికి సోడియం తగ్గింది, ముగ్గురికి ప్రమాదకర స్థాయికి పడిపోయింది. పరుగు సమయంలో బరువు పెరిగినవారిలో, నాలుగు గంటలకు పైగా పరిగెత్తినవారిలో ఈ ముప్పు అధికం. తాగింది మంచినీరా, స్పోర్ట్స్ డ్రింకా అన్నదానితో తేడా కనిపించలేదు. ఆశ్చర్యపడనక్కరలేదు. మన ఓఆర్‌ఎస్‌లోనే సోడియం లీటరుకు 75 మిల్లీమోల్స్. ఆ రంగు సీసాలలో ఉండేది సుమారు 20.

2007లో అమెరికన్ కాలేజ్ తన సలహాను సవరించుకుంది. 2015లో నిపుణుల అంతర్జాతీయ సమావేశం దాహాన్ని బట్టి తాగమని చెప్పింది. అంటే నూరేళ్ళు తిరిగి, ప్రతి పశువుకూ పుట్టుకతో తెలిసిన సంగతి దగ్గరికి వచ్చామన్నమాట. ఎండదెబ్బ ముప్పు దీనితో పోదు. అది వేరే విషయం, దానికి మందు తెల్లవారుజామున పరిగెత్తడం, వేగం తగ్గించడం.

రక్తపోటుకు థయజైడ్ మాత్రలు వాడేవారు పోటీకి ముందే మీ వైద్యుని సంప్రదించండి. పరుగుకు ముందు నొప్పి మాత్రలు వేసుకోకండి. మీ పక్కన పరిగెత్తినవారు వాంతి చేసుకుంటూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే నీళ్ళ సీసా అందించడానికి తొందరపడకండి. వైద్య శిబిరంలో సోడియం పరీక్షించమని అడగండి. సోడియం తగ్గినవారికి మామూలు సెలైన్ ఎక్కించడం వలన హాని కలగవచ్చు. వారికి కావలసింది 3 శాతం గాఢ లవణ ద్రావణం, అదీ 100 మిల్లీలీటర్ల చొప్పున, వైద్యుని చేతులమీదుగా.

మరుసటి ఏడు అదే దారిలో మళ్ళీ పరిగెత్తాను. బయలుదేరే ముందు, వచ్చిన తరువాత బరువు చూసుకున్నాను. 900 గ్రాములు తగ్గింది, తలనొప్పి లేదు. కష్టమైనదల్లా దారి పక్కన గ్లాసులు చాచి నిలబడిన చిన్నపిల్లల్ని కాదనడమే. "తాగండి తాతగారూ" అని బతిమాలుతుంటే మనసొప్పక రెండు మూడు చోట్ల అందుకొని, నెత్తిన పోసుకొని ముందుకు సాగాను.