నిప్పుకు కాపలా: బ్యారన్ నుండి మిరప కళ్లం దాకా



నందిగామ నుండి జగ్గయ్యపేట వైపు హైదరాబాదు రోడ్డున ఎన్నిసార్లు పోయి ఉంటారో మీరు. పత్తి చేలు, మిరప చేలు దాటుకుంటూ పోగా పోగా జయంతిపురం సిమెంటు కర్మాగారపు గొట్టాలు కానవస్తవి. ఆ కర్మాగారపు కొలిమిలో సున్నపురాయి పొడిని సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలుస్తారు. వేడి తగ్గితే రాయి సరిగా కాలదు, మించితే కొలిమి లోపలి ఇటుకలకే ముప్పు. అందుకని రాత్రింబగళ్లు ఆ వేడిని కనిపెట్టుకొని ఉండడానికే అక్కడ మనుషులున్నారు, యంత్రాలున్నవి.

"అది ఇంజనీర్ల గొడవ, మనకెందుకండీ?" అంటారేమో. ఆ పనినే మన రైతులు మట్టిగోడల గదిలో, ఒక థర్మామీటరూ ఒక లాంతరూ పెట్టుకొని ఏళ్ల తరబడి చేశారు. వర్జీనియా పొగాకు బ్యారన్ సంగతి నేను చెప్పేది. ఇవాళ మిరపకాయ ఆరబెట్టే రైతుకు కూడా అందులో పనికివచ్చే విషయం ఉన్నది కనుక కాస్త ఓపికగా వినండి.

నిప్పును వాడుకోవడం మనకు కొత్త కాదు. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర దానికి ఈ పేరు పెట్టారు. ఆ ఊరి పక్కనే ఉన్న ధనంబోడు బౌద్ధస్తూపాన్ని 1882లో బర్జెస్ దొర తవ్వించగా ఇటుకల కట్టడం బయటపడ్డది. ఆ ఇటుకలు కాల్చినవాడి చేతిలో కొలత పరికరమేదీ లేదు. నిప్పు రంగే అతనికి కొలత. ఈజిప్టు దేశంలో కోడిగుడ్లను పొయ్యి గదులలో పొదిగించేవారు గుడ్డును కంటిరెప్పకు ఆనించుకొని వేడి చూసేవారట. ఆ విద్య తండ్రి నుండి కొడుకుకు రావలసిందే గాని, కాగితం మీద రాసి ఇంకొకరికి ఇచ్చేది కాదు.

కొలత వచ్చిన తరువాతనే విద్య పదిమందికీ పంచడానికి వీలైనది. 1714లో ఫారన్‌హీట్ అనే ఆయన పాదరసపు థర్మామీటరు తయారుచేశాడు. అంతకు నూరేండ్ల ముందే హాలండు దేశస్థుడు డ్రెబెల్ మరొక యుక్తి పన్నాడు. వేడికి ద్రవం ఉబ్బి, పొయ్యికి గాలి పోయే మూతను తానే మూస్తుంది; చల్లబడితే తానే తెరుస్తుంది. మనిషి కాపలా లేకుండా నిప్పు తన్ను తానే అదుపు చేసుకొనడం అక్కడ మొదలైనది. తరువాత 1830లో ఆండ్రూ యూర్ రెండు లోహపు రేకులను అతికించి, వేడికి అవి వంగే గుణంతో ఈ పని చేయించి దానికి థర్మోస్టాట్ అని పేరు పెట్టాడు. నేటి ఇస్త్రీపెట్టె వేడి కాగానే తనంతట తాను ఆగిపోవడం ఆ వంశం నుండి వచ్చినదే.

ఇక పొగాకు. దీనికొక కథ ఉన్నది, అందులో కొంత విషాదమూ ఉన్నది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, కాస్వెల్ కౌంటీలో 1839లో స్టీఫెన్ అనే నల్లజాతి బానిస రాత్రివేళ పొగాకు గదికి కాపలా ఉన్నాడు. కునుకు పట్టినది. లేచి చూచేసరికి నిప్పు ఆరిపోవస్తున్నది. యజమాని కోపానికి జడిసి, కమ్మరి కొలిమి దగ్గరి బొగ్గు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా పొడి వేడి తగిలి, ఆకు మేలిమి పసుపు రంగు తేలినది. ఆ ఆకుకు మంచి ధర పలికినది, యజమాని స్లేడ్‌కు డబ్బూ పేరూ వచ్చినవి. కనిపెట్టినవాడు మాత్రం అప్పటికి బానిసగానే ఉన్నాడు. తరువాతి కాలంలో పొగ ఆకుకు తగలకుండా, ఇనుప రేకు గొట్టాల గుండా వేడిని మాత్రం గదిలో తిప్పే పద్ధతి వచ్చినది. దాన్నే ఫ్లూ క్యూరింగ్ అంటారు.

మన దేశంలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడినది. 1920 ప్రాంతంలో గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా సాగు పట్టుబడినది. 1920ల చివరికి బ్యారన్లు లేచినవి. అక్కడ నుండి కృష్ణా మెట్టకూ, గోదావరి జిల్లాలకూ పాకినవి. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ నెలకొల్పారు.

బ్యారన్ అంటే తెలియని కుర్రకారు కోసం చెబుతున్నాను. చదరపు గది, ఎత్తైన గోడలు. ఒక గోడకు వెలుపల పొయ్యి. దాని నుండి లావుపాటి రేకు గొట్టాలు గది లోపల నేలకు కొద్ది ఎత్తున చుట్టు తిరిగి పొగగొట్టంలో కలుస్తవి. పచ్చాకును కర్రలకు కట్టి అంతస్తులుగా వేలాడదీస్తారు. కింద గాలి లోనికి వచ్చే కంతలు, పైన తేమ బయటికి పోయే తలుపులు. వేడిని అదుపు చేయడానికి రైతు చేతిలో ఉన్నవి ఇవే: పొయ్యిలో కట్టె, కింది కంత, పై తలుపు.

మొదటి దశలో వేడి 90 నుండి 100 డిగ్రీల ఫారన్‌హీటు దాటరాదు. అప్పుడు ఆకు ఇంకా బ్రతికే ఉంటుంది. దానిలోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, పచ్చదనం విరిగి పసుపు తేలుతుంది. గాలిలో తేమ నిలవాలి కనుక తలుపులు మూసి ఉంచాలి. ఇక్కడ తొందరపడి వేడి పెంచితే ఆకు చచ్చి, పచ్చరంగు అట్లాగే నిలిచిపోతుంది. తరువాత ఎంత తంటాలు పడ్డా పోదు. పసుపు వచ్చిన తరువాత మెల్లగా 120కి తెచ్చి, తలుపులు తెరిచి తేమను తరమాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే ఆకు ఎర్రబారి నల్లబడుతుంది. ఆఖరున నడిమి ఈనె ఎండటానికి 160 దాకా పోవాలి. మొత్తం అయిదారు రోజులు, అయిదారు రాత్రులు. ఏడాది కష్టం ఒక్క కునుకులో గ్రేడు తప్పిపోయేది. ఎండిన ఆకు రాలి గొట్టం మీద పడితే బ్యారనే అంటుకొనేది.

తెలిసినవారు రెండు థర్మామీటర్లు వాడేవారు. ఒకటి మామూలుది, రెండవదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టినది. రెండింటికీ తేడా కొద్దిగా ఉంటే గాలిలో తేమ నిండుగా ఉన్నట్లు, తేడా పెరిగితే గాలి పొడిబారినట్లు. వేడి ఒక్కటే చూడడం చాలదు, గాలి ఎంత దాహంతో ఉన్నదో కూడా చూడాలని ఈ రెండవ థర్మామీటరు చెబుతుంది. నా మటుకు నేను బ్యారన్ నేర్పిన పాఠాలలో దీన్నే పెద్దదిగా ఎంచుతాను.

ఇక ఖర్చు సంగతి. ఒక కిలో ఎండాకు రావాలంటే ఆరేడు కిలోల పచ్చాకు కావాలి. అనగా అయిదారు కిలోల నీరు ఆవిరి కావాలి. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి చాలు. లెక్క వేయండి, మొత్తం మూడువేల పైచిలుకు. ఆరిన కట్టె కిలో మండితే దాదాపు అంత వేడి ఇస్తుంది. కాగితం మీద కిలో ఆకుకు కిలో కట్టె సరిపోవాలి! కాని పాత బ్యారన్లలో నాలుగైదు కిలోల దాకా పట్టేది. మిగతాది ఏమైనది? పొగగొట్టం నుండి ఆకాశానికి, పైకప్పు నుండి గాలికి, సందుల నుండి వీధికి పోయినది. ఊళ్ల చుట్టుపక్కల చెట్లు ఆ లెక్కలో కరిగినవి. అందుకే పరిశోధకులు పొయ్యి ఆకారం మీద, గోడలకూ పైకప్పుకూ వేడి పోకుండా వేసే పొరల మీద అంతగా పనిచేశారు. పైకప్పు కింద వరిగడ్డి పరచడం వంటి చవక ఉపాయం కూడా అందులో ఉన్నది.

1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చినది. పంటకు రిజిస్ట్రేషను, బ్యారన్‌కు లైసెన్సు తప్పనిసరి అయినవి. నేడు వర్జీనియా సాగు ఎక్కువగా ప్రకాశం, నెల్లూరు వైపునా, జంగారెడ్డిగూడెం తేలిక నేలలలోనూ నిలిచినది. పొగాకు మనిషి ఊపిరికి చేసే కీడు అందరికీ తెలిసినదే. మన దేశం 2004లో పొగాకు నియంత్రణ ఒడంబడికను ధ్రువపరచినది కూడా. ఆ పంట మళ్లీ వేయండని చెప్పడానికి నేనీ కథ ఎత్తుకోలేదు. పంట పోయినా విద్య పోనక్కరలేదు.

ఇప్పుడు మీ మిరప కళ్లానికి రండి. పండిన కాయ కోసినప్పుడు అందులో మూడింట రెండు వంతులు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువే నీరు. దాన్ని నూటికి పది పదకొండు దాకా దించాలి. నూరు కిలోల పండుకాయకు పాతిక ముప్ఫై కిలోల ఎండుకాయ వస్తుంది. ఎండలో వారం నుండి రెండు వారాలు. ఈలోగా మంచు, అకాల వర్షం, దుమ్ము. తేమ నిలిచిన కాయకు బూజు, బూజుతో అఫ్లాటాక్సిన్ విషం. అప్పుడు ఎగుమతికి పనికిరాదు, ఇంట్లో తినడానికీ పనికిరాదు.

మన పెద్దలు కోసిన కాయను వెంటనే ఎండలో పరచక రెండు మూడు రోజులు నీడలో కుప్ప పోసేవారు. సగం పండిన కాయ కూడా ఎర్రబారాలని. చూశారా, ఇది బ్యారన్‌లో మొదటి దశే! కాయ బ్రతికుండగా రంగు తెచ్చుకొననిచ్చి, ఆ తరువాతనే ఎండబెట్టడం.

పాలిథిన్ కప్పిన సౌర ఆరబెట్టు గదులు, కట్టె పొయ్యితో వేడిగాలి పంపే యంత్రాలు ఇప్పుడు దొరుకుతున్నవి. నలుగురు కలిసి ఒకటి పెట్టుకొంటే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. కాయకు 50 నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలు. అది మించితే ఎరుపు తగ్గి నల్లబారుతుంది. మార్చి మధ్యాహ్నం పాలిథిన్ గది ఆ హద్దు దాటగలదు, కనుక పైన గాలి పోయే తలుపు లేని గది కొనవద్దు. తేమ బయటికి పోకపోతే ఎంత వేడి పెట్టినా కాయ ఉడుకుతుందే గాని ఎండదు. థర్మామీటరును తలుపు దగ్గర కాక, కాయల వరుసల మధ్య, కాయ ఎత్తున వేలాడదీయండి. పక్కనే తడిగుడ్డ చుట్టిన రెండవదాన్ని కూడా. గుడ్డ ఆరిపోకుండా కింద చిన్న గిన్నెలో నీళ్లు ఉంచి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు, దీపాలవేళ ఒకసారి చూసి పలక మీద రాసుకొనండి.