కమిలిన మచ్చకి కోడ్ ఏది?

మెడికల్ కోడింగ్ అనగానే మనలో చాలామందికి అమీర్‌పేట బోర్డులే గుర్తొస్తాయి. డాక్టరు రాసింది చూసి పట్టికలో నంబరు వెతకడమే కదా, అదేం పెద్ద పని అనుకుంటాం. ఒంటిమీద కమిలిన మచ్చ కథ చూస్తే అది అంత తేలిక కాదని తెలుస్తుంది.

1946లో అమెరికాలో జాన్ కాఫీ అనే ఎక్స్‌రే డాక్టరు ఆరుగురు పసిపిల్లల గురించి రాశాడు. తలలో నెత్తురు చేరింది, కాళ్ళూ చేతుల ఎముకలు విరిగాయి. దెబ్బలవల్లే విరిగాయన్నాడు గానీ, ఆ దెబ్బలెలా తగిలాయో తేల్చలేదు. 1962లో హెన్రీ కెంప్, ఆయన సహచరులు జామా పత్రికలో అసలు మాట అనేశారు: పిల్లల్ని కొడుతున్నారు. విరిగిన ఎముకలే కాదు, కమిలిన చర్మం కనిపించినా అనుమానించాలి. ముఖ్యంగా పెద్దవాళ్ళు చెప్పే కథకీ, గాయానికీ పొంతన కుదరనప్పుడు. 1967 కల్లా అమెరికా రాష్ట్రాలన్నీ ఇలాంటివి రిపోర్టు చెయ్యాలని చట్టాలు చేశాయి.

ఇక పట్టిక సంగతి. 1979 నుంచి అమెరికాలో వాడిన ఐసిడి-9లో పిల్లల్ని కొట్టడానికి ఇ967 అని విడిగా ఒక కోడ్ ఉండేది. 2015 అక్టోబర్ 1న ఐసిడి-10 వచ్చాక రుజువైన హింస టి74, అనుమానం మాత్రమే అయితే టి76. పరీక్షించాక అలాంటిదేమీ లేదని తేలితే జెడ్04.72. దెబ్బ తగిలి కమిలితే ఎస్ కోడ్, అందులో కుడో ఎడమో కూడా చెప్పాలి. దెబ్బ లేకుండానే కమిలితే ఆర్23.3.

ఇంతకీ కోడర్ ఊహించి రాయకూడదు. డాక్టరు "మచ్చ" అని వదిలేస్తే, తిరిగి అడగాల్సిందే. రంగు చూసి ఎన్ని రోజుల క్రితం దెబ్బో చెప్పేస్తామనే నమ్మకం కూడా నిలవలేదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి 2005లో బ్రిటన్ వైద్యులు, పిల్లల్లో అలా కచ్చితంగా చెప్పలేమన్నారు.

అమెరికాలో పిల్లల్ని కనే మనవాళ్ళకి ఇందులో సొంత పని కూడా ఉంది. మన పసిపిల్లల్లో చాలామందికి నడుం కింద నీలం మచ్చ పుట్టుకతోనే వస్తుంది, కొన్నేళ్ళకి దానంతటదే పోతుంది. తెలియనివాళ్ళు చూస్తే అచ్చం కమిలినట్టే ఉంటుంది. పుట్టినప్పుడే దాన్ని రికార్డులో రాయించండి. ఆ ఒక్క లైను లేకపోతే నిర్దోషి తల్లిదండ్రుల మీద అనుమానం పడొచ్చు. అలాగే నిజంగా దెబ్బలు తిన్న పసివాడి రికార్డులో ఒక్క లైను లేకపోతే వాడు మళ్ళీ అదే ఇంటికి వెళ్తాడు.

డేటా ఎంట్రీయే కదా అని ఇంకా అంటారా?