పోయినవాడి పద్దు

అమరావతి చుట్టుపక్కల ఊళ్లలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి గురించి రెండు రకాల కథలు వినిపిస్తాయి. ఒకటి దానధర్మాలది: అమరేశ్వరాలయానికి చేసిన సేవ, మంగళగిరిలో కట్టించిన 11 అంతస్తుల గాలిగోపురం, బంగారంతో తూగిన తులాభారం. రెండోది చెంచులది. దోపిడీలు చేస్తున్నారన్న కోపంతో చెంచులను భోజనానికి పిలిపించి తలలు నరికించాడని, ఆ తర్వాత విస్తట్లో అన్నం పురుగులై కనిపించేదని, తిరగని క్షేత్రం లేక చివరికి అమరేశ్వరుడి సన్నిధికి చేరాడని చెబుతారు. చనిపోయిన చెంచుల సంఖ్య చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. నరుకుళ్లపాడు ఊరి పేరును ఆ సంఘటనకే ముడిపెడతారు.

గోపురం ఇప్పటికీ నిలబడే ఉంది. చెంచుల మాట మాత్రం జనం నోటనే మిగిలింది. వెంకటాద్రి నాయుడు ఈస్టిండియా కంపెనీ దొరలకు కప్పం కట్టిన జమీందారు. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. 1790లలో ఆయన చింతపల్లి విడిచి కృష్ణ ఒడ్డున అమరావతిలో కొత్త పట్నం కట్టుకున్నాడు. అక్కడి దీపాలదిన్నె తవ్వి బౌద్ధస్తూపం రాళ్లు తీసుకెళ్లారన్న సంగతి కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చెవిన పడిందీ, ఆయన వచ్చి చూసిందీ అప్పుడే. రాళ్ల బొమ్మలు లండన్ దాకా వెళ్లాయి. చెంచుల ఫిర్యాదు మాత్రం పక్క ఊరి కచేరీ గడప కూడా తొక్కిన జాడ లేదు.

1816లో నాయుడు కన్నుమూశాడు. కోర్టు పని అప్పుడు మొదలైంది.

ఆయనకు సొంత బిడ్డలు లేరు. జగన్నాథబాబును దత్తత తీసుకుని, అతను ఉండగానే రామనాథబాబునూ దత్తత చేసుకున్నాడు. ఐదు వందలకు పైగా గ్రామాలున్న సంస్థానం, పేరుకున్న నగదు, నగలు, ఏనుగులు, కోటలు ఎవరివి? ఈ ప్రశ్న జిల్లా కోర్టు దాటి మద్రాసుకు, మద్రాసు దాటి సముద్రం మీదుగా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లింది. మధ్యలో జగన్నాథబాబు పోయాడు, వ్యాజ్యం పోలేదు. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. పేష్కషు (కప్పం) బకాయిల కింద అక్కడి జమీందారీలు ఒక్కొక్కటే సర్కారు వశమయ్యాయి, వాసిరెడ్డివారిదీ అదే దారి పట్టింది. 1846లో లండన్ తీర్పు వచ్చింది: మొదటి దత్తపుత్రుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదు. ‘రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ’ పేరుతో హిందూ ధర్మశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో అది నిలిచిపోయింది. లా కాలేజీల్లో ఆ కేసు బట్టీ పట్టినవాళ్లలో అది అమరావతి ఇంటి గొడవని తెలిసినవాళ్లు కొద్దిమందే.

ప్రాణాలు తీశారన్న ఆరోపణ మనిషితో పాటు కాటికి పోయింది, ఆస్తి తగాదా 30 ఏళ్లు బతికింది. ఇది జమీందారీ రోజుల వింత అనుకోవడానికి లేదు. 2017లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఈ రెండూ ఒకే కాగితం మీద ఎదురుపడ్డాయి.

ఆరన్ హెర్నాండెజ్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు 2012 ఆగస్టులో అతనితో కాంట్రాక్టు పొడిగించింది. విలువ దాదాపు 4 కోట్ల డాలర్లు, అందులో సంతకం బోనస్సే కోటీ 25 లక్షలు. ఏడాది తిరగకుండానే, 2013 జూన్ 17న ఓడిన్ లాయిడ్ అనే యువకుడు హత్యకు గురయ్యాడు. జూన్ 26న పోలీసులు హెర్నాండెజ్ చేతులకు బేడీలు వేసి తీసుకెళ్లారు. గంటన్నరలో జట్టు అతన్ని తొలగించింది. బోనస్సులో ఇంకా ఇవ్వాల్సిన 32 లక్షల 50 వేల డాలర్ల వాయిదాను ఆపేసింది. ఆటగాళ్ల సంఘం అతని తరఫున ఫిర్యాదులు వేసింది. హత్య చేశాడా లేదా అన్నది సంఘం వాదన కాదు. సంతకం రోజునే సంపాదించుకున్న సొమ్ము తర్వాతి అరెస్టుతో పోతుందా అన్నదే పేచీ.

2015 ఏప్రిల్‌లో జ్యూరీ దోషి అంది, పెరోల్ లేని యావజ్జీవం పడింది. అతను అప్పీలు చేసుకున్నాడు. 2017 ఏప్రిల్ 14న మరో జంట హత్యల కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. ఐదు రోజులకు, 19వ తేదీన, జైలు గదిలో ప్రాణం తీసుకున్నాడు. మే 9న జడ్జి మొదటి కేసులోని శిక్షను పూర్తిగా రద్దు చేశారు. కొత్త సాక్ష్యమేదీ దొరకలేదు. అప్పీలు తేలకముందే మనిషి పోతే కేసు మొదటినుంచీ లేనట్టే అన్నది అక్కడి పాత నియమం. దాని దయవల్ల రికార్డులో అతను నిర్దోషిగా మిగిలాడు.

అదే జైల్లో 2003లో హత్యకు గురైన మాజీ మతాచార్యుడు జాన్ గోగన్ శిక్ష కూడా ఇలాగే చెరిగిపోయింది. 2006లో ఎన్రాన్ అధిపతి కెన్నెత్ లే శిక్ష ఖరారు కాకముందే గుండె ఆగి చనిపోతే, ఫెడరల్ కోర్టు అతని దోషిత్వాన్ని కొట్టేసింది. అతని నుంచి కోట్ల డాలర్లు రాబట్టాలనుకున్న ప్రభుత్వం దారి వెతుక్కోవాల్సి వచ్చింది. అంటే ఈ నియమం కరుణ పేరుతో వచ్చినా దాని లాభనష్టాలు తేలేది వారసుల ఖాతాల్లోనే. హెర్నాండెజ్ వారసత్వపు ఆస్తి విలువ సున్నా అని కోర్టుకు చెప్పారు. మరి ఆ సున్నాను మార్చగలిగేది జట్టు ఆపేసిన సొమ్ము. తుడిచిపెట్టిన తీర్పు అటు అతని కూతురి పక్షాన వాదనకు పనికొస్తుంది, ఇటు నష్టపరిహారం కోసం సివిల్ దావా వేసిన లాయిడ్ తల్లి చేతిలో ఆయుధాన్ని లాగేసుకుంటుంది. కొడుకును పోగొట్టుకున్న ఆమెకు ఆ ఉత్తర్వు ఎలా తోచి ఉంటుందో వేరే చెప్పాలా?

2019 మార్చి 13న మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఆ నియమాన్నే పక్కనపెట్టింది. శిక్ష తీర్పును తిరిగి నిలబెట్టింది. ఇకమీదట అలాంటి సందర్భంలో దోషిత్వం రికార్డులో ఉంటుంది, చావు వల్ల అప్పీలు తేలలేదన్న మాటా పక్కనే ఉంటుంది.

మన చట్టం ఇంకో దారిలో నడిచింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ముద్దాయి చనిపోతే అప్పీలు ముగుస్తుంది. వకీళ్ల మాటలో అబేట్ అవుతుంది. జరిమానా మీద వేసిన అప్పీలుకు మాత్రం మినహాయింపు. ఎందుకంటే జరిమానా శరీరానికి కాదు, ఆస్తికి తగులుతుంది. మనిషి పోయినా ఆస్తి జవాబు చెప్పాలని శిక్షాస్మృతి 70వ సెక్షన్ చెప్పింది. 1973 కోడ్ ఇంకో మెట్టు ఎక్కి, జైలు లేదా ఉరిశిక్ష పడినవారి దగ్గరి బంధువులు 30 రోజుల్లో అడిగితే అప్పీలు నడపవచ్చంది. పోయినవాడి పేరు మీది మచ్చ కడుక్కునే హక్కు కుటుంబానికి దక్కింది. దగ్గరి బంధువులంటే తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, సంతానం, తోబుట్టువులు. మేనకోడళ్లు, మేనల్లుళ్లు ఆ జాబితాలో లేరు.

మన దగ్గరి కేసుల్లో, క్రీడాకారుల విషయంలో దక్షిణాఫ్రికా క్రికెటర్ హాన్సీ క్రోన్యే ఉన్నాడు. 2000 నాటి మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో ఢిల్లీ పోలీసుల ఛార్జిషీటు 2013లో వచ్చింది. అతను 2002లోనే విమాన ప్రమాదంలో పోయాడు. అదే గాలిదుమారంలో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించిన హైదరాబాదీ అజహరుద్దీన్ మాత్రం, ఆ నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పగా స్వయంగా విన్నాడు. పన్నెండేళ్లు బతికి ఉండటమే అక్కడ తేడా.

తెలుగు తెరకూ బాగా తెలిసిన తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత అక్రమాస్తుల కేసులో లెక్క మరీ చిక్కుపడింది. 2014 సెప్టెంబరులో బెంగళూరు ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2015లో కర్ణాటక హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. దానిపై అప్పీలులో సుప్రీంకోర్టు వాదనలు విని తీర్పు వాయిదా వేసిన తర్వాత, 2016 డిసెంబరు 5న ఆమె చనిపోయారు. 2017 ఫిబ్రవరి 14న ఆమెతో పాటు ముద్దాయిలైన మిగతా ముగ్గురికీ శిక్ష ఖాయమైంది, ఆమె వరకు అప్పీలు అబేట్ అయింది. జరిమానా అయినా వసూలు చేయనివ్వమని కర్ణాటక అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. 2020లో మద్రాసు హైకోర్టు వారసులుగా గుర్తించిన అన్న బిడ్డల్లో ఒకరైన దీప, కేసే లేనప్పుడు జప్తు చేసిన నగలు మాకివ్వండి అన్నారు. జయలలిత మీద కేసు ముగిసిందంటే నిర్దోషి అని తేలినట్టు కాదంటూ 2025 జనవరిలో కర్ణాటక హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. మరుసటి నెల 27 కిలోల బంగారు ఆభరణాలు, ఆస్తి పత్రాలు బెంగళూరు కోర్టు ఖజానా నుంచి తమిళనాడు అధికారుల చేతికి వెళ్లాయి.