పోషణ నుంచి విపణికి: సి.కె. నాయుడు క్రీడాజీవితం

విషయ పరిచయం

కృష్ణా డెల్టాలో వ్యవసాయ మిగులు వ్యాపార పెట్టుబడిగా ఎలా మారిందో మీరు ఇంతకుముందు చదివారు. ఆటను వృత్తిగా ఎంచుకున్నవారి మీద ఆ పెట్టుబడి ప్రభావం ఎంత అనేది ఈ భాగంలో పరిశీలిద్దాం. ఈనాడు పేరున్న క్రికెటర్ ఆట విరమించాక అకాడమీ నెలకొల్పినా, హోటల్ తెరిచినా మనకు వింతగా తోచదు. వందేళ్ల కిందట ఆ దారి లేదు. మరి అప్పటి ఆటగాడికి బతుకుతెరువు ఎక్కడ దొరికేది? తన పేరు మీద తనకు ఎంత హక్కు ఉండేది? భారత టెస్టు జట్టు తొలి నాయకుడు కొఠారి కనకయ్య నాయుడు జీవితం ఈ ప్రశ్నలకు కొంతవరకు సమాధానం ఇస్తుంది.

1. బందరు మూలాలు

నాయుడు పూర్వీకులది మచిలీపట్నం. కుటుంబం నాగపూర్‌లో స్థిరపడింది. ఆయన 1895 అక్టోబరు 31న అక్కడే జన్మించారు. 1916లో హిందూ జట్టు తరఫున ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టారు.

ఇక్కడ 1923వ సంవత్సరాన్ని గమనించండి. ఆ ఏడాది భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. అదే ఏడాది ఇందూరు సంస్థానాధీశుడు మూడవ తుకోజీరావు హోల్కర్ నాయుడును తన కొలువుకు పిలిపించి, సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. ఈ రెండు ఘటనలకూ ప్రత్యక్ష సంబంధం లేదు. పక్కపక్కన ఉంచితే మాత్రం ఒక విషయం తెలుస్తుంది. డెల్టా డబ్బు బ్యాంకులకు, బీమాకు, బియ్యం మిల్లులకు చేరింది. ఆటగాడికి అన్నం పెట్టే ఏర్పాటుగా మారలేదు. ఆ ఏర్పాటు అప్పటికి సంస్థానాల చేతిలోనే ఉంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మద్రాసులో కనిపిస్తుంది. అక్కడి సంపన్న తెలుగు వర్తక కుటుంబంలో పుట్టిన బుచ్చిబాబు నాయుడు సొంత డబ్బుతో భారతీయుల క్రికెట్‌ను పోషించారు. ఆయన కుమారుడు కోట రామస్వామి 1936లో టెస్టులు ఆడారు. ఇంటి ఆస్తి ఉన్నవాడు ఆటకు పోషకుడయ్యాడు. నైపుణ్యమే ఆస్తిగా ఉన్నవాడు పోషకుణ్ణి వెతుక్కోవలసి వచ్చింది.

2. కొలువు ఇచ్చిన బలం, విధించిన హద్దు

1926 డిసెంబరులో బొంబాయిలో గిల్లిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టుపై నాయుడు 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. భారతీయులు టెస్టు స్థాయికి తగినవారన్న నమ్మకాన్ని ఆ ఇన్నింగ్స్ బలపరిచింది. రెండేళ్లకు, 1928లో, క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

1932 ఇంగ్లండ్ పర్యటనకు నాయకుడిగా ఎంపికైనది పోరుబందరు మహారాజు. ఆయన తన ఆట పరిమితిని గుర్తించి తప్పుకోవడంతో జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టుకు నాయుడు నాయకత్వం వహించారు. ఆ పర్యటనలో 1,618 ఫస్ట్‌క్లాస్ పరుగులు, 65 వికెట్లు సాధించి, 1933లో విజ్డెన్ ప్రకటించిన ఉత్తమ క్రికెటర్లలో ఒకరయ్యారు. అయినా 1936 పర్యటనలో నాయకత్వం విజయనగరం మహారాజకుమార్‌కు దక్కింది. నాయుడు ఆయన కింద ఆడారు. ఓవల్ టెస్టులో 81 పరుగులు చేశారు. నాయకత్వాన్ని ప్రతిభ కంటే హోదా ఎక్కువగా నిర్ణయించిన కాలమది.

నాయుడు హయాంలో హోల్కర్ జట్టు 4 సార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. 1945–46 ఫైనల్‌లో, 50 ఏళ్ల వయసులో, ఆయన 200 పరుగులు చేశారు. అయితే పోషకుడి భవిష్యత్తే ఆటగాడి భవిష్యత్తు కూడా. 1948లో ఇందూరు సంస్థానం మధ్యభారత్‌లో విలీనమైంది. 1950ల మధ్యలో హోల్కర్ జట్టు పేరే రంజీ నుంచి తొలగిపోయింది.

3. పేరుకు వెల

1941లో నాయుడు బాత్‌గేట్ కంపెనీ లివర్ టానిక్‌కు ప్రచారం చేశారు. ఒక సరుకుకు తన పేరు ఇచ్చిన తొలి భారతీయ క్రికెటర్‌గా ఆయనను పేర్కొంటారు. చిన్న విషయంగా కనిపించే ఈ ప్రకటనకు చరిత్రలో ప్రాముఖ్యం ఉంది. అంతవరకు ఆటగాడి కీర్తి సంస్థాన ప్రతిష్ఠను పెంచేది. ఇప్పుడు అది ఆటగాడే అమ్ముకోగల వస్తువు అయింది. 1995లో సచిన్ టెండూల్కర్ వరల్డ్‌టెల్‌తో చేసుకున్న ఒప్పందానికి, 2008లో మొదలైన ఐ.పి.ఎల్. వేలానికి ఈ ప్రకటనను పూర్వరంగంగా చూడవచ్చు. కాని ఒక్క ప్రకటనతో నాయుడును వ్యాపారవేత్త అనడం సరికాదు. పేరును అమ్మడం వేరు, ఆ పేరును పెట్టుబడిగా పెట్టి సంస్థను నడపడం వేరు. రెండోదానికి టెలివిజన్, విస్తృతమైన వినియోగ విపణి, దీర్ఘకాల ఒప్పందాలు కావాలి. అవి ఆయన కాలానికి లేవు.

4. పూర్వీకుల నేలకు

1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ ఏడాదే ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడింది. దాని స్థాపకులుగా విజయనగరం మహారాజకుమార్, నాయుడు పేర్లను కలిపి చెబుతారు. 1936లో ఒకరి నాయకత్వం కింద మరొకరు ఆడిన ఇద్దరూ ఇక్కడ ఒకచోట నిలిచారు. 1953–54లో ఆంధ్ర జట్టు తొలి రంజీ సీజన్‌కు 58 ఏళ్ల నాయుడు నాయకత్వం వహించారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబరు 14న ఇందూరులో మరణించారు.

తరువాతి కాలంలో విజయవాడ 2002 నవంబరులో భారత్–వెస్టిండీస్ వన్డేకు, సమీపంలోని మూలపాడు 2016లో మహిళల అంతర్జాతీయ మ్యాచ్‌లకు వేదికలయ్యాయి. డెల్టా పిల్లలకు ఇప్పుడు ఇంటి దగ్గరే మైదానం ఉంది.

సారాంశం

సంస్థానం ఆటగాడికి కొలువు ఇచ్చింది, హద్దులూ గీసింది. విపణి ఆ హద్దులను చెరిపింది. కాని అది వెల కట్టేది కొద్దిమందికే. రాజు మనసు మారితే కొలువు పోయినట్టే, వేలంలో పేరు పలకకపోతే ఆదాయమూ పోతుంది. పోషకుడు మారినంత మాత్రాన ఆటగాడికి భద్రత వచ్చిందా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. సంస్థాన పోషణ నాయుడు క్రీడాజీవితానికి ఎలా తోడ్పడింది? ఎక్కడ అడ్డుపడింది?
2. 1941 నాటి ప్రకటనను వ్యాపార దక్షతకు నిదర్శనంగా పరిగణించవచ్చా? మీ వాదనను కారణాలతో రాయండి.
3. మీ ఊరిలో ఒక క్రీడాకారుడి జీవనాధారం ఏమిటో అడిగి తెలుసుకొని, ఈ పాఠంతో పోల్చండి.