విశాఖ తీర్పు మన విశాఖది కాదు

పోయిన భాగంలో కారంచేడు గురించి, నీళ్ల బిందె ఎత్తి ఎదురు నిలిచిన మున్నంగి సువార్తమ్మ గురించి రాశాక చాలామంది విద్యార్థులు ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, ఆడవాళ్ల మీద హింస ఆగాలంటే ముందు జనంలో అవగాహన రావాలి కదా?" రావాలి. కాని ఆ అవగాహన ఎవరు తెచ్చారు, తెచ్చినవాళ్లకి ఏమైంది అనే దానికీ ఒక చరిత్ర ఉంది. ఈసారి అది చెప్పుకుందాం.

పూర్ణా మార్కెట్ నుంచి మొదలుపెడతాను. ఇంకా చీకటి ఉండగానే కూరగాయల బళ్లు వచ్చి ఆగుతాయి. కళాసీలు మూటలు దించుతుంటే ఆకుకూరలమ్మే ఆడవాళ్లు గోనెపట్టా పరుచుకోవడానికి జానెడు చోటు వెతుక్కుంటారు. ఆ చోటు కోసం మాటలు పడాలి, ఆశీలు కట్టాలి. బయటికెళ్లాలంటే పక్కామెని తోడు అడగాలి. అక్కడొక గోడ మీద పోస్టర్ ఉంది, "మహిళలారా, మీ హక్కులు తెలుసుకోండి" అని. కొత్తిమీర కట్టలు కడుతున్న ఒక పిన్ని నన్నడిగింది, "పాపా, దాంట్లో ఏటి రాసుంది?" అని. చదివి వినిపించాను. "సరే, తెలుసుకున్నాను. మరెవులికి సెప్పాల?" అంది. పోస్టర్‌లో దానికి జవాబు లేదు.

నాతో వచ్చిన లా చదివే చెల్లెలు వెంటనే అంది, "విశాఖ తీర్పు ఉంది కదా పిన్నీ, మన ఊరి కేసే" అని. నేను నవ్వలేదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, చదువుకునే రోజుల్లో నేనూ చేశాను. విశాఖ అనేది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. సుప్రీంకోర్టులో పిటిషన్ వేసిన సంస్థల్లో దాని పేరు ముందుంది, అంతే. మన సముద్రానికీ ఆ తీర్పుకీ సంబంధం లేదు. కాని పూర్ణా మార్కెట్‌కి ఉంది.

ఆ తీర్పు వెనకున్న మనిషి భన్వరీ దేవి. జైపూర్ దగ్గర భటేరీ అనే ఊరు, కుమ్మరి కులం. ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 1985 నుంచి 'సాథిన్', అంటే తోడుగా ఉండే మనిషి. ఆమె ఉద్యోగమే అవగాహన. ఇల్లిల్లూ తిరిగి చదువు గురించి, ఆరోగ్యం గురించి, బాల్య వివాహాలు వద్దని చెప్పడం. 1992లో ఊళ్లోని ఓ గుజ్జర్ కుటుంబం ఏడాది కూడా నిండని పసిపిల్లకి పెళ్లి తలపెడితే ఆపడానికి ప్రయత్నించింది. ముందు ఊరు ఆమెని వెలివేసింది. ఆమె కుండలు కొనడం మానేశారు. ఆ సెప్టెంబరులో పొలంలో భర్తని కొట్టి, పట్టుకుని, ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు.

1995 నవంబరులో కింది కోర్టు నిందితులని అత్యాచార నేరం నుంచి విముక్తుల్ని చేసింది. అగ్రకులం మగవాళ్లు తక్కువ కులం ఆడమనిషిని ముట్టుకుని మైలపడరన్న వాదన ఆ తీర్పులో చోటు చేసుకుంది. మిత్రులారా, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. అంటరానితనం ఇక్కడ నేరస్థుడి తరఫు సాక్షి అయింది. మన పేటలోకి రాత్రిపూట వచ్చేటప్పుడు ఎవరికీ మైల గుర్తుకురాదు, కోర్టు బోనులో మాత్రం గుర్తుకొస్తుంది. అప్పీలు ఏళ్లకేళ్లు నానింది. నిందితుల్లో కొందరు ఈలోపు చనిపోయారు కూడా.

ఆమెకి న్యాయం రాలేదు గాని ఆమె కేసు నుంచి 1997 ఆగస్టు 13న విశాఖ మార్గదర్శకాలు వచ్చాయి, వాటి నుంచి 2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. ఇవాళ ఏసీ ఆఫీసుల్లో కమిటీలు ఉన్నాయంటే పొలంలో పనిచేసుకునే ఓ కుమ్మరి ఆడమనిషి పడ్డ బాధ వల్ల. ఆ ఆఫీసుల్లో ఎంతమందికి ఆమె పేరు తెలుసో నాకు అనుమానమే.

కోర్టుల అనుభవం మన జిల్లాకీ ఉంది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు, గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు 2023 ఏప్రిల్ 6న వచ్చింది. దర్యాప్తు సక్రమంగా జరగలేదని కోర్టే తప్పుపట్టింది, స్త్రీలకి పరిహారం ఇవ్వమంది, పోలీసుల్ని నిర్దోషులుగా వదిలింది. పదహారేళ్లు కొండ దిగి వచ్చి చెప్పిన వాళ్లకి అవగాహన లేదని ఎవరైనా అనగలరా?

ఇంకొకటి, చాలామంది మరిచిపోయారు. 2017 అక్టోబరులో ఇదే నగరంలో, రైల్వే న్యూకాలనీ దగ్గర, పట్టపగలు ఫుట్‌పాత్ మీద ఒక నిస్సహాయురాలిపై అత్యాచారం జరిగింది. జనం పక్కనుంచి నడిచి వెళ్లిపోయారు. ఒక ఆటో డ్రైవర్ ఫోన్‌లో వీడియో తీసి పోలీసులకి ఇచ్చాడు. అలా నడిచి వెళ్లిపోయిన వాళ్లలో అది నేరమని తెలియని మనిషి ఒక్కడైనా ఉన్నాడా? తెలుసు. తెలిసీ, "నేనొక్కణ్ణే ఎందుకు" అనుకున్నారు. అక్కడ లేనిది సమాచారం కాదు, పక్కన నిలబడే నలుగురు.

ఆ నలుగురూ ఎలా తయారవుతారో మన తెలుగు నేలే చూపించింది. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రోజులు. కూలికెళ్లొచ్చి, వంట చేసి, రాత్రి లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్ల వాచకంలో ఒక పాఠం ఉంది, ఊరి సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ. ఆ కథ చదివి వాళ్లు ఊరుకోలేదు. ఇది మన కథే కదా, మరి మన కొట్టు ఇంకా ఎందుకుంది అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు, కొట్టు మూతపడింది. తర్వాత దూబగుంట కథే ఇంకో పాఠమై మిగతా ఊళ్లకి వెళ్లింది. 1992 నాటికి చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా బళ్లని ఆపారు, వేలంపాటలు జరగనివ్వలేదు. వాళ్లలో అత్యధికులు దళిత, వెనకబడిన కులాల కూలీ స్త్రీలు. మొగుడు కొడుతున్నాడని మాత్రమే వాళ్లు చెప్పలేదు. మా ఊరికి తాగేనీళ్లు రావు గాని సారా ఎలా వస్తోందని సర్కారుని అడిగారు. ఇంట్లో దెబ్బకీ ఖజానాకీ ఉన్న ముడి విప్పి చూపించారు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. తెచ్చింది ఎన్టీఆరే. ఒకప్పుడు 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ చేర్చింది కూడా ఆయన ప్రభుత్వమే! 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ ఆడవాళ్ల గుంపులు మాత్రం మిగిలాయి, పొదుపు సంఘాలుగా. పొదుపు మంచిదే, నేను కాదనను. కాని సర్కారుని నిలదీసిన గుంపుని కిస్తీలు లెక్కపెట్టుకునే గుంపుగా కూర్చోబెట్టడంలో ఎవరి తెలివి ఉందో ఆలోచించండి. ఇవాళ అవగాహన సదస్సంటే ఆ సంఘాల వాళ్లనే బస్సెక్కించి హాలుకి తెచ్చి, ఫొటో తీసి, పులిహోర పొట్లం ఇచ్చి పంపడం అయిపోయింది.

దూబగుంటలో ఉన్నది, భటేరీలో లేనిది ఏమిటి? భన్వరీ ఒక్కతే ఇల్లిల్లూ తిరిగింది, ఊరు ఆమె మీద పడింది. దూబగుంట వాళ్లు రోజూ రాత్రి ఒకచోట కూర్చునేవాళ్లు. అవగాహన మనిషి మోసే మూట అయితే, ఆ మనిషిని పడగొడితే సరిపోతుంది.

ఇక పిన్ని ప్రశ్నకి వద్దాం, ఎవులికి సెప్పాల? 2013 చట్టం ప్రకారం పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట, యజమాని మీదే ఫిర్యాదు ఉన్న చోట, జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పాలి. సొంతంగా అమ్ముకునేవాళ్ల చోటు కూడా అసంఘటిత రంగం కిందికే వస్తుంది. ఆ కమిటీ సభ్యుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల నుంచి కనీసం ఒక స్త్రీ ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల లోపు ఇవ్వాలి. రాయడం రాకపోతే రాయడానికి కమిటీయే సాయం చేయాలి. పట్టణంలో వార్డు లేదా మున్సిపాలిటీకి ఒక నోడల్ అధికారి ఉండాలి. అవగాహన కల్పించే బాధ్యత సెక్షన్ 24 ప్రకారం ప్రభుత్వానిది. చట్టం వచ్చిన పదకొండేళ్ల తర్వాత, 2024 డిసెంబరులో, ఈ కమిటీలు వేయండి అని సుప్రీంకోర్టు మళ్లీ రాష్ట్రాలకి గడువు పెట్టాల్సి వచ్చింది.

అందుకని విద్యార్థి మిత్రులకి ఒక పని. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. మీ జిల్లా స్థానిక కమిటీ సభ్యులెవరు, అందులో మన కులాల స్త్రీ ఎవరు, మీ వార్డు నోడల్ అధికారి పేరు, ఫోన్ నంబరు ఏమిటి, ఇప్పటిదాకా మార్కెట్లలో ఎన్ని సమావేశాలు పెట్టారు. నమూనా కామెంట్లలో పెడతాను.

మేము మాదొకటి రాసుకుని పిన్ని దగ్గరికి వెళ్లాం. బేరాలు తగ్గి కాస్త ఊపిరి తీసుకునే వేళ. చదివి వినిపిస్తే పక్కనున్న నలుగురైదుగురు కూడా గోనెపట్టాలు జరుపుకుని దగ్గరికి వచ్చారు. అంతా విని పిన్ని అంది, "ఆ నంబరొచ్చాక పోస్టర్ మీద పెద్దచ్చరాలతో రాయండి. నాకు సదవడం రాదు గానీ అంకెలొచ్చు."