సెకను నాదమునకు ఎన్ని సెకన్ల గణితము?

రెండు యంత్రములలో ఏది వేగముగలదని అడుగుట సులభము. ఏ పనిలో, ఎంత గడువులో, అని తిరిగి అడిగినప్పుడే చిక్కు ఆరంభమగును. కంప్యూటరులో లెక్కలను చేయు ప్రాసెసరు విషయమున ఈ చిక్కు చిన్నది కాదు. నేడు పాటను ధ్వనిముద్రణ చేసి మెరుగుపరచువారును, చలనచిత్రమును కోసి కూర్చువారును ఆ చిన్న చిప్పు మీదనే ఆధారపడియున్నారు. దానిని కొనువారు చాలకాలము ఒక్క అంకెనే చూచి వెల చెల్లించినారు. ఆ అంకెకు అంత ప్రతిష్ఠ ఎట్లు వచ్చినది, ఎట్లు పోయినది, ధ్వనికిని చిత్రమునకును తగిన నిజమైన కొలత ఏది అను విషయము ఏడు దశాబ్దములకు మించిన చరిత్రవలన తెలియుచున్నది.

కంప్యూటరు మొదట పాడినప్పుడు దాని వేగమే దాని శ్రుతి. 1951 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున జరిగిన కంప్యూటరు సమావేశములో, తరువాత సిసిరాక్ అని పేరుపొందిన యంత్రము ఒక ప్రసిద్ధమైన కవాతు పాటను వినిపించినది. అదే సంవత్సరమున ఇంగ్లండులోని మాంచెస్టరులో ఫెరాంటి మార్క్ 1 యంత్రము పలికించిన పాటలను బి.బి.సి. ధ్వనిముద్రణ చేసినది. ఈ యంత్రములు నాదమును గుణించి కూడి తయారుచేయలేదు. ఒక ఆదేశమును మరలమరల అమలుజరుపుచు లౌడుస్పీకరునకు విద్యుత్ స్పందనలను పంపినవి; ఆ స్పందనల జోరును బట్టి స్వరము హెచ్చుటయో తగ్గుటయో జరిగినది. 2016లో న్యూజీలాండు పరిశోధకులు జాక్ కోప్‌లాండ్, జేసన్ లాంగ్ ఆ బి.బి.సి. ముద్రణను పరీక్షించినారు. అందు వినవచ్చు కొన్ని స్వరములను పలికించుట ఆ యంత్రమునకు అసాధ్యమని, దాని ఆదేశముల కాలమును లెక్కించి గ్రహించినారు. ముద్రణ తప్పువేగమున జరిగినందువలన కలిగిన దోషమది. దానిని సరిదిద్ది అసలు శ్రుతిని తిరిగి రాబట్టినారు.

నాదమును లెక్కకట్టి పుట్టించు విద్య 1957లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున మాక్స్ మాథ్యూస్ చేతిలో ఆరంభమైనది. నాదతరంగమును క్షణక్షణము కొలిచి ఒక్కొక్క కొలతను ఒక అంకెగా వ్రాసిపెట్టినచో, ఆ అంకెలనుండి మరల నాదమును రాబట్టవచ్చును. అందుకు సెకనుకు తీయవలసిన కొలతలు ఆ నాదమునందలి అత్యధిక కంపనసంఖ్యకు రెట్టింపునకు మించి యుండవలెను. మానవుని చెవి సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. కావుననే 1982లో అంగడికి వచ్చిన కాంపాక్టు డిస్కు సెకనుకు 44,100 కొలతలను నియమముగా పెట్టుకొన్నది. మాథ్యూస్ వాడిన ఐ.బి.ఎం. 704 సెకనుకు దశాంశసంఖ్యల కూడికలను సుమారు 12,000 మాత్రమే చేయగలదు. మంచి నాదమునకు కావలసిన కొలతలలో ఒక్కొక్కదానికి ఒక కూడికయైనను దానివలన కాదన్నమాట! కావున న్యూయార్కులోని యంత్రము అంకెలను తాపీగా లెక్కించి అయస్కాంతపు టేపు మీద వ్రాసిపెట్టెడిది. ఆ టేపును పరిశోధనాలయమునకు కొనిపోయి నాదముగా మార్చెడివారు. మొదటి కూర్పు నిడివి 17 సెకన్లు.

ఇచ్చటనే అసలు కొలత పుట్టినది. ఒక సెకను నాదమునకు యంత్రము ఎన్ని సెకన్లు శ్రమించుచున్నది? ఆ సంఖ్య ఒకటికి మించినంతకాలము నాదమును దాచిపెట్టి తరువాత వినవలసినదే. ఒకటికి దిగినప్పుడే యంత్రము వాద్యమగును.

ఈ కొలతకు విలువ ఇచ్చినవారిలో మన తెలుగువాడు ఒకరు ఉన్నారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మాటను గుర్తించు కంప్యూటరు పద్ధతులను రూపొందించు బృందమునకు నాయకుడు. అచ్చట బ్రూస్ లోవర్ నిర్మించిన హార్పీ అను పద్ధతి 1976లో వేయికి మించిన పదములను గుర్తింపగలిగినది. దాని శ్రమను వారు గడియారపు అంకెతో చెప్పలేదు. ఒక సెకను మాటకు సుమారు 2 కోట్ల 80 లక్షల ఆదేశములని చెప్పినారు. ఇట్లు చెప్పినందువలన ఏ యంత్రము ఎంత సేపటిలో ఆ పని ముగింపగలదో ఎవరైనను భాగహారము చేసి తెలిసికొనవచ్చును.

అంగడిలో మాత్రము వేరు అంకె రాజ్యమేలినది. ప్రతి ప్రాసెసరును ఒక గడియారము నడుపును. అది సెకనుకు ఎన్ని పదిలక్షల స్పందనలు ఇచ్చునో చెప్పునది మెగాహెర్ట్జు. రేడియో ముల్లు తిప్పువారికి ఈ మాట కొత్త కాదు. మెగాహెర్ట్జు హెచ్చినకొలది యంత్రము గొప్పదని జనులు నమ్మినారు. పండితులకు మాత్రము ఈ నమ్మకము లేదు. 1972లో వెట్‌స్టోన్, 1984లో డ్రైస్టోన్ అను పరీక్షాగణితములను కల్పించినారు. 1988లో కొన్ని సంస్థలు కూడి స్పెక్ అను సంఘమును స్థాపించి, నిజమైన ప్రోగ్రాములనే పరీక్షకు పెట్టినవి.

గడియారము ఒకటే అయినను పని ఒకటి కాదనుటకు 1988లో వెలువడిన నెక్స్ట్ కంప్యూటరే సాక్ష్యము. అందు మోటరోలావారి చిప్పులు రెండు ఉండెడివి. ప్రధాన ప్రాసెసరైన 68030 గడియారము 25 మెగాహెర్ట్జులు. ధ్వనికై కేటాయించిన 56001 గడియారమును 25 మెగాహెర్ట్జులే. నాదమును శుద్ధిచేయుట, ప్రతిధ్వని కలుపుట మున్నగు పనులలో ముఖ్యమైనది ఒక అంకెను మరొకదానితో గుణించి మొత్తమునకు కూడుట. ఆ గుణకారమునకు మొదటి చిప్పు పదులకొలది స్పందనలు తీసికొనగా, రెండవది గుణకారమును కూడికను కలిపి రెండే స్పందనలలో ముగించెడిది. అంకె చూచి కొనువానికి రెండును సమానములే. పాట వినువానికి కావు.

చిత్రము వచ్చుసరికి భారము అనేక రెట్లు పెరిగినది. కాంపాక్టు డిస్కునందలి నాదమునకు సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు చాలును. 1982లో అంతర్జాతీయముగా నిర్ణయించిన డిజిటల్ టెలివిజను ప్రమాణమున చిత్రమునకు సెకనుకు 21 కోట్ల 60 లక్షల బిట్లు కావలెను. అనగా సుమారు 153 రెట్లు. ఇంత భారమును తగ్గించుటకు ఒకే ఆదేశముతో అనేక అంకెలపై పని జరుపు ఉపాయమును సాధారణ ప్రాసెసర్లలోనికి తెచ్చినారు. 1997 జనవరిలో ఇంటెల్ సంస్థ ఎమ్.ఎమ్.ఎక్స్. అను పేరుతో 57 కొత్త ఆదేశములను చేర్చినది. 1999లో పవర్‌పీసీ జి4 చిప్పునకు ఆల్టివెక్ వచ్చినది. కాని ప్రోగ్రాము వ్రాయువారు ఈ ఆదేశములను వాడిననే ఫలము. వాడనిచో అవి పెట్టెలో మూసిన వీణవంటివి.

గడియారపు ప్రతిష్ఠకు పెద్ద దెబ్బ ఆ తరువాతనే తగిలినది. 2000 నవంబరులో ఇంటెల్ పెంటియం 4ను విడుదల చేసినది. అందు ఒక్కొక్క ఆదేశమును 20 మెట్లుగా విభజించినారు. మెట్టు చిన్నదైనచో గడియారమును జోరుగా నడపవచ్చును. కాని ముందుగా ఊహించిన దారి తప్పైనప్పుడు సగములోనున్న పనినంతను పారవేసి మరల మొదలుపెట్టవలసివచ్చును. అందువలన కొన్ని పనులలో ఈ కొత్త చిప్పు తక్కువ అంకెగల పెంటియం 3 కంటె వెనుకబడినది. 2001 జూలైలో న్యూయార్కునందు ఆపిల్ సంస్థ, తన 867 మెగాహెర్ట్జుల జి4 ఫోటోషాప్ పనిలో 1,700 మెగాహెర్ట్జుల పెంటియం 4ను మించినదని సభలో ప్రదర్శించినది. పరీక్షను ఎన్నుకొన్నవారు అమ్మువారే యని ఇచ్చట మరువరాదు. అయినను పాఠము నిజమే. 2004 అక్టోబరులో ఇంటెల్ 4,000 మెగాహెర్ట్జుల పెంటియం 4 సంకల్పమును విరమించుకొన్నది. వేడిని తట్టుకొనలేక గడియారపు పందెము నిలిచి, ఒకే చిప్పులో పెక్కు ప్రాసెసర్లను అమర్చు పద్ధతి వచ్చినది. వీనిని కోర్లు అందురు.

దీనితో కోర్ల సంఖ్య కొత్త దేవుడైనది. 1967లోనే జీన్ ఆమ్‌డాల్ ఒక హెచ్చరిక చేసినాడు. పనిలో పదవ వంతు పంచుటకు వీలుకానిదైనచో, ఎందరు పనివారిని పెట్టినను వేగము పది రెట్లకు మించదు. ఇక్కడ ధ్వనికిని చిత్రమునకును దారులు వేరగును. పూర్తియైన చలనచిత్రమును కుదించి భద్రపరచునప్పుడు దానిని ముక్కలుగా పంచి అనేక కోర్లకు ఇయ్యవచ్చును. పని పది నిమిషములు ఆలస్యమైనను చిత్రము చెడదు. అచ్చట మొత్తము పనికి పట్టిన కాలమే కొలత. గాయకుని గొంతు అప్పటికప్పుడే సంస్కారము పొంది అతని చెవికి తిరిగి రావలసినప్పుడు సంగతి వేరు. సెకనుకు 48,000 కొలతలు తీయుచు, 128 కొలతలను ఒక కట్టగా పంపినచో, ప్రతి కట్టను సెకనులో 375వ వంతులో ముగింపవలెను. ఒక్క కట్ట గడువు తప్పినను చిటుక్కుమను చప్పుడు పాటలో పడును. పైగా ఒకే గొంతునకు వరుసగా చేయు సంస్కారములు ఒకదాని తరువాత ఒకటి జరుగవలసినవే. వానిని కోర్లకు పంచుట కష్టము. మృదంగవిద్వాంసుడు ఎన్ని దెబ్బలు వేసినాడని కాక, సమమునకు అందినాడా యని రసికులు చూతురు. ధ్వని విషయమున ప్రాసెసరునకును అదే పరీక్ష.

ఇటీవలి కాలమున మరొక మార్పు కలిగినది. 2011లో ఇంటెల్ తన ప్రాసెసర్లలో చలనచిత్రమును కుదించుటకే ప్రత్యేక విభాగమును చేర్చినది. 2021లో ఆపిల్ తన ఎమ్1 ప్రో, ఎమ్1 మాక్స్ చిప్పులలో చిత్రసంకలనకారులు వాడు ప్రోరెస్ పద్ధతికి అట్టి విభాగమునే పెట్టినది. ఆ పద్ధతిలో పనిచేయువారికి ఇది వరము. వేరు పద్ధతివారికి దానివలన లాభము లేదు. త్వరగా కుదించిన చిత్రము తీరికగా కుదించినదానితో నాణ్యమున తులతూగునా యనియు చూడవలెను. నాణ్యమును విడిచి కాలమును మాత్రము పోల్చుట, తూకము చూడక ధర పోల్చుటవంటిది.

ఊరిలో చిన్నగదినే స్టూడియోగా మార్చుకొని భజనకీర్తనలను ముద్రించు యువకునకు, పెండ్లిచిత్రములను కూర్చి జీవించు కుటుంబమునకు ఇది పండితచర్చ కాదు. ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ము తప్పు అంకెకు ధారపోసినచో, మరల కూడబెట్టువరకు ఆ యంత్రముతోనే నెట్టుకొని రావలెను. 1951లో యంత్రపు వేగమే దాని పాట. నేడు ఆ వేగము అనేక అంకెల చాటున దాగియున్నది. కొనువారు అడుగవలసిన ప్రశ్న మాత్రము మాథ్యూస్ నాటిదే. నా పాటలో ఒక సెకనుకు, నా చిత్రములో ఒక సెకనుకు, ఈ యంత్రమునకు పట్టుకాలమెంత? తన పనినే తీసికొనిపోయి, అంగడిలో దానిమీదనే నడిపించి చూచుకొన్నవానిని ఏ అంకెయు మోసపుచ్చలేదు.